వినని చెవి

బాన్సువాడలో మా అక్క వాళ్లింటి అరుగు. వరికోతల రోజులు. నిజాంసాగర్ కాలువ నీళ్లు తాగిన పొలాలన్నీ ఒక్కసారే కోతకొచ్చి, వీధిలో ధాన్యం ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. డిగ్రీ చదివే మేనల్లుడు గోడకు ఆనుకుని ఫోన్‌లో ‘నాటు నాటు’ పెట్టాడు. ఎన్నోసారో వాడికే తెలియదు. తెర నిండా రామ్‌చరణ్, ఎన్టీఆర్ చిందులేస్తుంటే, కింద మూలన అగ్గిపెట్టెంత చట్రంలో ఎవరో విదేశీయుడు హెడ్‌ఫోన్లు తగిలించుకుని అదే పాట వింటున్నాడు.

“జర ఆగు మామా, ఇప్పుడొస్తది జూడు” అన్నాడు. నేను పాట వైపు చూశాను. వాడు నన్ను మోచేత్తో పొడిచి, “గటు గాదు, గిటు” అంటూ మూలనున్న మొహం చూపించాడు. ఆ మొహం మీద కనుబొమలు లేచాయి. నోరు తెరుచుకుంది. ఆయన పాట ఆపేసి, కుర్చీలో వెనక్కి వాలి, నెత్తిన చేతులు పెట్టుకుని, కాస్త వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాడు. మావాడి మొహం వెలిగిపోయింది. బాణీ కట్టింది కీరవాణి కాదు, పాట రాసింది చంద్రబోసూ కాదు, అంతా తానే అన్నట్టు.

“పాట నీకు కంఠతా వచ్చు గదరా, ఇంకేం జూస్తున్నవ్?” అని అడిగాను.

“పాట గాదు మామా, గాయిన మొహం జూస్తున్న.”

2023 మార్చిలో ఆస్కార్ అందుకున్న పాట అది. అంతకు ఏడాది ముందే, సినిమా విడుదలైన దగ్గర్నుంచీ, ఊరూపేరూ తెలియని దేశాల్లో కుర్రాళ్లు దాన్ని వింటూ తమ మొహాలను చిత్రీకరించుకుని జనం మీదికి వదులుతూనే ఉన్నారు. రియాక్షన్ వీడియోలనే వాటిని మన కుర్రాళ్లు వెతుక్కుని మరీ చూస్తున్నారు. పాట తయారుచేసిన ఊళ్లోనే పాట వినేవాడి మొహానికి గిరాకీ ఏమిటన్నది నన్ను వారం రోజులు వదల్లేదు. మావాడికి మాత్రం అది ప్రశ్న కాదు, వ్యాపారం. ఏ పాటను ఎవరితో వినిపించాలో అభిమానులు అడగడానికి, వినేవాళ్లు ఒప్పుకోవడానికి, ఇద్దరినీ కలిపే ఒక వేదిక కడతానంటాడు. ఆ వేదిక కింద ఎంత సైన్సు ఉందో చూద్దాం.

మొదట ఆ మొహం సంగతి. రాత్రిపూట అమ్మ కథ చెప్పాలంటే మన ఇళ్లలో ఒకే షరతు: ఊ కొట్టాలి. ఊ ఆగిందా, కథ ఆగుతుంది. “ఊ కొడుతున్నవా, నిద్రవోతున్నవా?” అని చీకట్లోంచి ప్రశ్న వస్తుంది. బుర్రకథలో ఈ ఊ కొట్టడానికి ఏకంగా ఇద్దరు మనుషులున్నారు. కథకుడు తంబుర మీటుతూ కథ నడిపిస్తుంటే, ఒక పక్క హాస్యం చెప్పే వంత, మరో పక్క రాజకీయం చెప్పే వంత. షేక్ నాజర్ ఆటలో వంతలు మూగబోతే అది బుర్రకథే కాదు. ఇటు ఒగ్గుకథలో చుక్క సత్తయ్య మల్లన్న కథ అందుకుంటే, వెనక డోలు వాయించేవాళ్లు మాటకు మాట అందించేవాళ్లు. ఇక మన ఊళ్లలోనే జరిగే ముషాయిరాకు వెళ్లండి. షేరు సగంలో ఉండగానే ‘వాహ్ వాహ్’ లేస్తుంది, పూర్తయ్యాక ‘ముకర్రర్’ అని మళ్లీ చదివిస్తారు. వినేవాడి మొహాన్ని, గొంతును కళలో భాగం చేయడం మనకు కొత్త కాదు. మనమే కాదు, జపాన్ టీవీ వాళ్లూ దశాబ్దాలుగా వినోద కార్యక్రమాల్లో తెర మూలన చిన్న చట్రం పెట్టి, చూస్తున్నవాళ్ల మొహాలను చూపిస్తున్నారు. ఆ చట్రానికి వాళ్ల మాట ‘వైపు’. ఇంగ్లిష్ ‘వైప్’ను వాళ్ల నోరు అలా తిప్పుకుంది. మన చెవికి మాత్రం అచ్చ తెలుగే. ఎటు చూడాలో చెప్పే చట్రానికి ఇంతకన్నా మంచి పేరేముంది!

ఊ కొట్టడాన్ని భాషాశాస్త్రం ఆలస్యంగా పట్టించుకుంది. 1970లో అమెరికన్ భాషావేత్త విక్టర్ ఇంగ్వే దీన్ని మాటల వెనకదారి అన్నాడు. ముందుదారిలో చెప్పేవాడి మాటలు ఇటు వస్తుంటే, వెనకదారిలో వినేవాడి ఊలు, ఆహాలు అటు పోతుంటాయి. ఆ దారి మూసేస్తే ఏమవుతుంది? 2000 సంవత్సరంలో కెనడాలోని విక్టోరియా విశ్వవిద్యాలయంలో జానెట్ బవేలాస్ బృందం సరిగ్గా అదే చేసి చూసింది. ఒకరిని తమకు తృటిలో తప్పిన ప్రమాదం కథ చెప్పమన్నారు. ఎదుట కూర్చున్న కొందరికి రహస్యంగా ఇంకో పని అప్పజెప్పారు: కథలో ‘టి’ అక్షరంతో మొదలయ్యే మాటలన్నీ లెక్కపెట్టాలి. వాళ్లు కథకుడి మొహమే చూస్తున్నారు, ప్రతి మాటా చెవిన పడుతోంది. కానీ కథ వినడం లేదు. ఫలితం ఏమిటంటే కథకులు తడబడ్డారు. ముఖ్యంగా ముగింపు దగ్గర, అసలు గుండె జల్లుమనాల్సిన చోట, చెప్పిందే చెప్పారు, ‘నిజంగా భయమేసింది తెలుసా’ అన్న ధోరణిలో సంజాయిషీలు ఇచ్చుకున్నారు.

ఆ పరిశోధనలో నాకు నచ్చిన వివరం ఇంకొకటుంది. వినేవాళ్లు రెండు రకాలుగా స్పందిస్తారు. ఒకటి ఏ కథకైనా సరిపోయే వట్టి ఊ. రెండోది ఆ కథకు, ఆ క్షణానికి మాత్రమే సరిపోయేది: ‘అయ్యో, కాలు జారిందా!’ అని మొహం ముడవడం, చెప్పేవాడికి అందని మాట తాను అందించడం. లెక్కపెట్టే పనిలో పడ్డవాళ్ల దగ్గర ముందు ఎండిపోయింది ఈ రెండోదే. మావాడితో చెప్పాను: నీ వేదిక మీదికి మనుషుల్ని తీసుకునేటప్పుడు మంచి కెమెరా ఉందా, మంచి లైటు ఉందా అని కాదు, వట్టి ఊ కొడుతున్నారా, అసలు ఊ కొడుతున్నారా అని చూడు. ‘వావ్’ అనేది వట్టి ఊ. ‘ఈ దరువు మూడేసి మాత్రల నడకలో ఉంది కదా’ అన్నాడంటే అది అసలు ఊ.

సరే, వినేవాడి మొహం కథకుడికి కావాలి. పాట ఎప్పుడో రికార్డయిపోయింది, కథకుడు అక్కడ లేడు. మరి మూడో మనిషికి, మా మేనల్లుడికి, ఆ మొహంతో పనేమిటి?

మెదడు శాస్త్రవేత్తలను అడిగితే చాలామంది వెంటనే అద్దపు కణాల పేరు చెబుతారు. 1990లలో ఇటలీలోని పార్మాలో రిజొలాటి బృందం కోతుల మెదడులో వాటిని చూసింది. కోతి తాను వేరుశనగ అందుకున్నప్పుడూ, ఇంకొకరు అందుకుంటుంటే చూసినప్పుడూ అవే కణాలు పలికాయి. అప్పట్నుంచి మనుషుల్లో సానుభూతి, భాష, కళ అన్నిటినీ వాటి నెత్తిన రుద్దడం ఒక అలవాటైపోయింది. నాకు అంత నమ్మకం లేదు. ఇంకా దగ్గరి సాక్ష్యం సంగీతంలోనే ఉంది. మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో సలింపూర్, జటోరే తదితరులు 2011లో ఒక పని చేశారు. పాట వింటే ఒళ్లు గగుర్పొడిచేవాళ్లను ఏరి, వాళ్లకిష్టమైన సంగీతం వాళ్లనే తెచ్చుకోమని, స్కానర్‌లో పెట్టి వినిపించారు. రోమాంచం కలిగిన క్షణంలో మెదడు లోతున ఒకచోట డోపమైన్ ఊరింది. అదొక్కటే అయితే విశేషం లేదు. ఆ క్షణానికి కాస్త ముందే, ‘వస్తోంది, వస్తోంది’ అనుకునేటప్పుడే, ఇంకోచోట డోపమైన్ ఊరడం మొదలైంది. పండగ కన్నా పండగ ముందురోజు మెదడుకు వేరే ఖాతాలో జమ అవుతుందన్నమాట.

మా మేనల్లుడి ‘ఆగు మామా, ఇప్పుడొస్తది’ ఆ రెండో ఖాతా. పాటలో ఎక్కడ ఏమొస్తుందో వాడికి తెలుసు. కానీ వందసార్లు విన్నాక పాట వాడిని ఆశ్చర్యపరచలేదు. వాడు పోగొట్టుకున్నది మొదటి వినికిడిని. అది మనిషికి ఒక పాటకు ఒక్కసారే దొరుకుతుంది. అందుకే ఇంకొకరి దగ్గర అప్పు తెచ్చుకుంటున్నాడు. ఎదురుచూపు తనది, ఆశ్చర్యం అవతలివాడిది. రెండూ కలిస్తే పాట మళ్లీ కొత్తది. 2020లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, గ్యారీ అనే ఊరికి చెందిన కవల కుర్రాళ్లిద్దరు ఫిల్ కాలిన్స్ 1981 నాటి పాట ‘ఇన్ ది ఎయిర్ టునైట్’ను మొదటిసారి విన్నారు. మూడున్నర నిమిషాలు దాటేదాకా మంద్రంగా నడిచి, ఒక్కసారిగా డ్రమ్ములు విరుచుకుపడే పాట అది. ఆ చోట కుర్రాళ్లు ఉలిక్కిపడ్డ తీరు లక్షలమంది చూశారు. ముప్ఫై తొమ్మిదేళ్ల పాత పాట అమ్మకాల జాబితాలో మళ్లీ పైకెగబాకింది. ఆ పాటతో పెరిగి ముసలివాళ్లయినవాళ్లు ఆ డ్రమ్ముల కోసం కాదు, ఆ ఉలికిపాటు కోసం చూశారని నా అనుమానం.

కాబట్టి వేదిక అమ్మే సరుకు రియాక్షన్ చేసే మనిషి కాదు, పాట అసలే కాదు. ఆ పాటను వినని చెవి. విన్న చెవికి తెలుగులో సరైన మాట ఉంది. ఎంగిలి చెవి. శబరి కొరికిన పళ్ల లెక్క వేరు, ఈ బజారులో ఎంగిలికి విలువ లేదు.

ఈ మాట మావాడికి ఎక్కింది. లాంగ్ నోట్‌బుక్ తెచ్చి గడులు గీశాడు. నిలువునా నలభై పాటలు, అడ్డంగా ఐదుగురు వినేవాళ్లు. మొత్తం 200 గడులు. ఒక్కో గడి ఒక్కో మొదటి వినికిడి. ఒకసారి నిండితే ఇక అంతే. ఐదుగురూ వారానికి రెండేసి పాటలు వింటే వారానికి పది గడులు. ఇరవై వారాల్లో దుకాణం ఖాళీ. పైగా గడులు వాటంతటవే ఎంగిలి పడుతుంటాయి. ఆ ఐదుగురిలో ఒకడు టీ కొట్టు దగ్గర రీల్స్ చూస్తుంటే పదిహేను సెకన్ల ముక్క చెవిన పడింది, ఒక గడి పోయింది. ‘బుట్టబొమ్మ’ స్టెప్పును ఆస్ట్రేలియా క్రికెటర్ డేవిడ్ వార్నర్ వేశాక ఎన్ని దేశాల్లో ఎన్ని గడులు ఒక్క దెబ్బకు పోయుంటాయో!

గడుల లెక్కతో సినిమా సిఫార్సులు చేసిన పెద్ద కథ నెట్‌ఫ్లిక్స్‌ది. 2006లో ఆ కంపెనీ పది లక్షల డాలర్ల పందెం పెట్టింది: 4,80,189 మంది చూసేవాళ్లు, 17,770 సినిమాలు. తమ అంచనాలను పది శాతం మెరుగుపరిచినవాళ్లకు బహుమతి. గడులు 853 కోట్లు. నిండినవి పది కోట్ల చిల్లర, నూటికి ఒకటిన్నర కూడా లేవు. మిగతావి ఊహించాలి. 2009లో గెలిచిన జట్టు వాడిన ఉపాయాల్లో ముఖ్యమైనది పల్లెటూరి బుద్ధికి కూడా అందుతుంది. ప్రతి మనిషికీ కొన్ని రుచులుంటాయి, ప్రతి సినిమాకూ కొన్ని పాళ్లుంటాయి. రెంటినీ గుణించి కూడితే ఇష్టం తేలుతుంది.

మావాడి నోట్‌బుక్‌లోనే చేసి చూశాం. ఒకడు డ్రమ్మర్. దరువు మీద మక్కువ 5, గొంతు మీద 1. ఇంకొకామె గాయని. దరువు 1, గొంతు 5. ‘నాటు నాటు’లో దరువు పాలు 0.9, గొంతు పాలు 0.4 అనుకుందాం. డ్రమ్మర్‌కు 4.5కు 0.4 కలిపి 4.9. గాయనికి 0.9కి 2 కలిపి 2.9. అదే నిదానమైన ఒక మెలొడీ, దరువు 0.2, గొంతు 0.9 అనుకుంటే డ్రమ్మర్‌కు 1.9, గాయనికి 4.7. ఈ అంకెలు మేం అరుగు మీద కూర్చుని వేసుకున్నవి. అసలు వ్యవస్థల్లో ఆ పాళ్లను ఎవరూ చెప్పరు, నిండిన గడుల్లోంచి యంత్రమే పిండుకుంటుంది. ఒక్కోసారి అది పిండిన పాలుకు ఏం పేరు పెట్టాలో ఇంజనీర్లకే తోచదు.

“అయితే డ్రమ్మరుకు డప్పు పాటలు, గాయనికి మెలొడీలు పంపుడే గద మామా” అన్నాడు.

అక్కడే తిరకాసు. నెట్‌ఫ్లిక్స్‌కు కావలసింది ఇష్టం. మనకు కావలసింది ఆశ్చర్యం. ఈ రెండూ ఒకటి కాదు. 2019లో విన్సెంట్ చెంగ్ తదితరులు 745 పాప్ పాటల్లోంచి ఎనభై వేల స్వరసముదాయాలను తీసుకుని, ఒకదాని తర్వాత ఒకటి ఎంత ఊహకందుతుందో కంప్యూటరుతో లెక్కగట్టారు. శ్రోతలకు బాగా ఆనందమిచ్చినవి రెండు రకాల చోట్లు. ‘ఇదే వస్తుంది’ అని గట్టిగా అనుకున్నప్పుడు వేరేది రావడం ఒకటి. ఏమొస్తుందో బొత్తిగా తెలియనప్పుడు, పెద్దగా ఆశ్చర్యపరచనిది వచ్చి కుదురుకోవడం రెండోది. అంటే పూర్తిగా తెలిసిన దారిలో మజా లేదు, పూర్తిగా తెలియని అడవిలోనూ లేదు. డప్పు తెలిసినవాడికి తాను ఎరగని డప్పు కావాలి. రాక్ డ్రమ్మర్‌కు మన తీన్మార్ వినిపించాలి. దరువు భాష వాడికి తెలుసు, ఈ యాస తెలియదు. యంత్రానికి చెప్పాల్సింది ఇది: బాగా దగ్గరివాళ్లను కాదు, దగ్గరలో ఉండి ఇంకా కలవనివాళ్లను కలుపు.

ఇక పెళ్లిళ్ల పేరయ్య పని. వంద మంది అభిమానులు తమ పాట ఫలానావాడే వినాలని కోరారు. వాడు వారానికి రెండే వింటాడు. అటు వినేవాళ్లకూ తమ ఇష్టాలున్నాయి. మన ఎంట్రన్స్ కౌన్సెలింగ్‌లో ఇంత చిక్కు ఉండదు. విద్యార్థులందరికీ ఒకటే ర్యాంకు వరస కాబట్టి పై నుంచి పిలుస్తూ అడిగింది ఇచ్చుకుంటూ పోవచ్చు. ఇక్కడ ఒక్కో వినేవాడి ర్యాంకు వరస ఒక్కోలా ఉంది. 1962లో గేల్, షాప్లీ అనే ఇద్దరు గణితజ్ఞులు దీనికి దారి చూపారు. ప్రతి అభిమానీ తన మొదటి ఎంపికను అడుగుతాడు. వినేవాడు వచ్చినవాటిలో బాగా నచ్చిన రెంటిని చేతిలో ఉంచుకుంటాడు, ఖాయం చేయడు. మిగిలినవి తిప్పి పంపుతాడు. తిరిగొచ్చినవాళ్లు తమ రెండో ఎంపిక దగ్గరికి వెళతారు. అక్కడ అంతకన్నా మంచిది వస్తే, చేతిలో ఉన్నదాన్ని కూడా వదిలేయొచ్చు. తిరగడాలన్నీ ఆగిపోయాక అప్పుడు ఖాయం. ఆ పైన, ‘నువ్వూ నేనూ కుదిరితే ఇద్దరికీ బాగుండేది’ అనుకునే జంట ఒక్కటీ మిగలదని వాళ్లు నిరూపించారు. షాప్లీకి, దాన్ని ఆసుపత్రులూ బడుల ప్రవేశాలకు మలిచిన ఆల్విన్ రాత్‌కు 2012లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది. తాంబూలాలు ఆలస్యంగా పుచ్చుకోవడంలో ఇంత గణితం ఉందని మన పేరయ్యలకు తెలిస్తే సంతోషిస్తారు.

ఇదంతా రెండు వైపులా జనం ఉంటేనే. సంతకు కొనేవాళ్లొస్తేనే అమ్మేవాళ్లొస్తారు, అమ్మేవాళ్లుంటేనే కొనేవాళ్లొస్తారు. రోషే, టిరోల్ అనే ఫ్రెంచి ఆర్థికవేత్తలు 2003లో దీని మీద రాసిన పత్రం సారం ఏమిటంటే, అన్నిటికన్నా ముఖ్యం ధర ఎంతన్నది కాదు, ఆ ధర ఏ వైపు నుంచి ఎంత తీసుకుంటావన్నది. వార్తాపత్రిక అచ్చు ఖర్చు కన్నా తక్కువకే ఇంటికొస్తుంది. మిగతాది ప్రకటనలిచ్చేవాడు కడతాడు. మావాడి వేదికలో ముందు బతిమాలి తెచ్చుకోవాల్సింది వినేవాళ్లను. అభిమానులకు మనకు కరువా! బాన్సువాడలో ఉన్నారు, బాన్సువాడ నుంచి దుబాయి పోయి పనిచేస్తున్నవాళ్లలోనూ ఉన్నారు. తలా పది రూపాయలు వేసుకుని ఒక పాటకు ఒక చెవిని కొంటారు.

ఏ పాటకన్నది ఇంకో బెడద. అందరూ అడిగేవి ఆ పదే. 2006లో సల్గానిక్, డాడ్స్, వాట్స్ అనే ముగ్గురు ఒక సంగీత ప్రయోగశాల పెట్టారు. ఎవరికీ తెలియని బృందాల పాటలు 48, వినడానికి వచ్చినవాళ్లు 14,341 మంది. కొందరికి ఏ పాటను ఎంతమంది దించుకున్నారో చూపించలేదు. మిగిలినవాళ్లను ఎనిమిది లోకాలుగా విడగొట్టి, ఏ లోకం లెక్క ఆ లోకానికే చూపించారు. ఒక లోకంలో తలకెక్కిన పాట ఇంకో లోకంలో అడుగున పడింది. మరీ మంచి పాట పూర్తిగా మునగలేదు, మరీ చెత్త పాట పైకి తేలలేదు. మధ్యనున్నవాటికి మాత్రం ఏదైనా జరిగింది. లెక్కను ఎంత బాహాటంగా చూపిస్తే అదృష్టం ఆట అంత పెరిగింది. అందుకే మావాడికి గట్టిగా చెప్పాను: ఎంతమంది అడిగారో చూపించకు. చూపించావా, మన బతుకమ్మ పాటల వంతు ఎప్పటికీ రాదు. వాడు ఒప్పుకోలేదు. “లెక్క కనవడకపోతే పోరలు పైసలెయ్యరు మామా” అన్నాడు. వాడి మాటలోనూ నిజముంది.

తర్వాత పోలీసు. యూట్యూబ్ 2007లో కంటెంట్ ఐడీ అనే కాపలావాణ్ని పెట్టింది. పాట హక్కుదార్లు ముందే తమ పాటల వేలిముద్రలు ఇచ్చి ఉంచుతారు. ఎవరి వీడియోలో ఆ ముద్ర దొరికినా మూయించొచ్చు, ప్రకటనల డబ్బు తాము తీసుకోవచ్చు, ఊరికే లెక్క చూసుకుంటూ ఉండొచ్చు. పాటకు వేలిముద్ర ఎలా? చుక్కల ముగ్గు తలచుకోండి. వినిపించిన పాట పేరు చెప్పే సేవ, 2002లో లండన్‌లో మొదలైన షజామ్ కోసం ఏవరీ వాంగ్ వేసిన ఎత్తు అదే. పాటను క్షణక్షణానికీ ఏ స్థాయి స్వరం ఎంత గట్టిగా ఉందో చూపే పటంగా మారుస్తారు. అందులో శిఖరాల దగ్గర మాత్రం చుక్కలు ఉంచి మిగతాదంతా తుడిచేస్తారు. తర్వాత జంట చుక్కలు తీసుకుని ఈ స్థాయి, ఆ స్థాయి, మధ్య కాలం అని మూడంకెలు రాసుకుంటారు. పక్కన కుక్కర్ కూత పెట్టినా, రియాక్షన్ చేసేవాడు మధ్యలో అరిచినా కొన్ని చుక్కలు చెరుగుతాయి గానీ, మిగిలిన చుక్కలు చాలు, ఏ వాకిట వేసిన ముగ్గో చెప్పడానికి.

చట్టం మాటేమిటి? మన 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ విమర్శకూ సమీక్షకూ న్యాయమైన వాడుక కింద చోటిచ్చింది. ఎంత వాడితే న్యాయం అన్నదానికి కొలపాత్ర ఇవ్వలేదు. అమెరికాలో 2017లో న్యూయార్క్ కోర్టు ఒక రియాక్షన్ వీడియోను న్యాయమైన వాడుకే అని తేల్చింది. ఎందుకంటే అందులో అడుగడుగునా ఆపి విమర్శించారు. అదే తీర్పులో జడ్జి ఇంకో ముక్క జోడించారు: ఇలాంటివాటిలో కొన్ని వ్యాఖ్యానమే లేని సామూహిక వీక్షణంలా ఉంటాయి, ఈ తీర్పు వాటన్నిటికీ ధీమా కాదని. వట్టి ఊ, అసలు ఊ తేడా కోర్టుకు కూడా తట్టిందన్నమాట. పేరు కోసం కూడా గొడవలయ్యాయి. పిల్లల రియాక్షన్లతో పేరుపడ్డ లాస్ ఏంజిలెస్ సోదరులు 2016లో ‘రియాక్ట్’ అనే మాటనే తమ ట్రేడ్‌మార్కు చేసుకోబోయి, జనం తిరగబడితే వారం తిరక్కుండానే వెనక్కి తగ్గారు. ఊ అనే శబ్దాన్ని రిజిస్టర్ చేయించుకుంటానంటే ఎవరూరుకుంటారు?

రియాక్షన్ చేసేవాళ్లు కనిపెట్టిన అడ్డదారి నాకు ముచ్చటేసింది. తమ వీడియోలో పాట ఉంచరు. మొహమే ఉంచి, మూలన సెకన్ల లెక్క పరిగెత్తిస్తారు. ఒకటి, రెండు, మూడు అనగానే మీ దగ్గరున్న పాట మీరు మొదలెట్టుకోవాలి. కష్టమంతా ఆ కలపడంలోనే. దూరాన చెరువు గట్టున చాకలి బట్ట బండ మీద కొట్టడం ముందు కనిపిస్తుంది, చప్పుడు తర్వాత వినిపిస్తుంది. ధ్వని సెకనుకు దాదాపు 340 మీటర్లే నడుస్తుంది మరి. పుట్టింది మొదలు ఇలాంటివే చూసిన మన మెదడు చప్పుడు కాస్త ఆలస్యమైతే సర్దుకుంటుంది, ముందొస్తే సర్దుకోదు. ప్రసార సాంకేతిక ప్రమాణాలు కూడా ఈ మాటే చెబుతాయి: మాట బొమ్మ కన్నా 45 మిల్లీసెకన్లు ముందొస్తే పట్టేస్తాం, వెనకపడితే మాత్రం 125 దాకా గమనించం. మావాడి వేదికలో ఉలికిపాటు డప్పు కన్నా ముందొస్తే ఆట పోయినట్టే. దీనికీ ఆ చుక్కల ముగ్గే పనికొస్తుంది. వినేవాడి హెడ్‌ఫోన్లోంచి మైకులోకి కారిన సన్నని చప్పుడులో నాలుగు చుక్కలు దొరికితే, మన పాటను వాటికి సరిగ్గా జత చేయొచ్చు. దొంగను పట్టిచ్చే పోలీసే ఇక్కడ ముహూర్తం పెట్టే పంతులు.

మిగిలింది నటన. వంద రూపాయలు తీసుకుని, విన్న పాటను విననట్టు వినేవాడిని ఎలా పట్టుకోవడం? ఫ్రెంచి వైద్యుడు డుషెన్ 1862లోనే చెప్పాడు, నిజమైన నవ్వుకు కంటి చుట్టూ కండరం ముడుచుకుంటుందని. కానీ ఆ ముడతను కూడా తెచ్చిపెట్టుకోగలవాళ్లున్నారని తర్వాత తేలింది. సినిమావాళ్ల దేశంలో అది వేరే చెప్పాలా! ముందే నవ్వితే ముందే విన్నట్టు అని మావాడి సూత్రం. అదీ పూర్తిగా నిలవదు. మంచి సంగీతకారుడు వినని పాటలో కూడా రాబోయేది పసిగడతాడు.

ఆ సాయంత్రం మా అమ్మ వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. డెబ్బై ఎనిమిదేళ్లు. మావాడికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. విదేశీ చెవులకు మన పాటలెందుకు, మన చెవులకే విదేశీ పాటలు పెడితే? అమ్మమ్మంత వినని చెవి ప్రపంచంలో ఎక్కడ దొరుకుతుంది! పరిగెత్తుకెళ్లి హెడ్‌ఫోన్లు ఆమె చెవులకు తగిలించాడు, ఫోన్‌ను మజ్జిగ చెంబుకు ఆనించి నిలబెట్టాడు, ఫిల్ కాలిన్స్ పాట పెట్టాడు. ఆమె ‘ఏందిరా ఇది’ అని, చేతిలో పని మానకుండానే వింది. గింజ తీయడం, పళ్లెంలో వేయడం. గింజ తీయడం, పళ్లెంలో వేయడం. మూడు నిమిషాలు గడిచాయి. మేమిద్దరం ఊపిరి బిగబట్టాం.

డ్రమ్ములు పడ్డాయి. అమ్మ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. వేళ్ల మధ్య గింజ అలాగే ఉంది. మెల్లగా మా వైపు తిరిగి, “గిప్పటిదాంక డప్పు ఏడ వెట్టిండ్రా వీడు?” అంది.

నేను పగలబడి నవ్వాను. మావాడు ఫోన్ చేతిలోకి తీసుకుని, మొహం వేలాడేసుకున్నాడు. రికార్డు నొక్కలేదు.

“అమ్మమ్మా, ఒక్కపారి గట్లనే మళ్ల ఇనవే.”

“ఇన్న గదరా. మళ్ల ఏం ఇంటరు?” అని ఆమె గింజ పళ్లెంలో వేసింది.

వాడు నోట్‌బుక్ తెరిచి, ఆరో గీత గీసి, పైన ‘అమ్మమ్మ’ అని రాసి, ఆ పాట ఎదురుగా ఉన్న గడిలో ఇంటూ పెట్టాడు.